బాడుగ మాట

తిరుపతి,
12 ఫిబ్రవరి 2025.

కోమలీ,

మూడు రోజులుగా నీ ఫోను నాకు కలవడం లేదు. నిన్న మా రూమ్మేటు రూపశ్రీ ఫోను నుంచి చేస్తే ఎత్తావు, నా గొంతు వినగానే పెట్టేశావు. నా నంబరు ఆపేశావని అప్పుడు అర్థమైంది. అందుకే ఈ కాగితం. పదో తరగతి తర్వాత నేను ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి. ఆఫీసులో రోజూ రాసేవి ఉత్తరాలు కావు.

నీ కోపం నోటీసు గురించే అని తెలుసు. అది మా నాయన తరఫున మా సీనియర్ మోహన్‌కృష్ణ గారు పంపించారు. నేను ఆయన దగ్గర జూనియర్‌ని. ఆయన చెప్పింది టైపు చేయడం, కవరు అంటించి రిజిస్టరు పోస్టులో వేసి రావడం నా పని. పనిని పనిగా చూడమని నిన్ను అడుగుతున్నాను.

మా ఇంటి ముందు వైపు మొత్తం ఒకతను కాఫీ బారుకు అడుగుతున్నాడు. మీ అమ్మ తాయమ్మత్త నడిపే టిఫిన్ గది కూడా అందులోకి వస్తుంది. నాయన నోటిమాటగా అడిగితే అత్త కుదరదన్నదట. అప్పుడు నాయన ఆఫీసుకు వచ్చాడు. పదకొండు నెలల బాడుగ బాకీ ఉందని, పదిహేను రోజుల్లో అది కట్టి గది ఖాళీ చేయాలని నోటీసు. మన కాణిపాకం మున్సిపాలిటీ కాదు, పంచాయతీ కాబట్టి ఆ గడువు ఇస్తే చాలు. తర్వాత చిత్తూరు కోర్టులో దావా వేయవచ్చు. గదిని, బాకీని, ఖాళీ చేసేదాకా నష్టపరిహారాన్ని ఒకే దావాలో అడగవచ్చు. బాకీ పడి మూడేళ్లు దాటితే అడిగే హక్కు పోతుంది. ఈ సెప్టెంబరుతో మొదటి నెలకు మూడేళ్లు నిండుతాయి, అందుకే ఈ తొందర.

అత్తను భయపడవద్దని చెప్పు. ఒక లాయరు చేత జవాబు పంపించండి. వాయిదాల్లో కడతామంటే నేను నాయనతో మాట్లాడతాను.

నీ
నవీన


చిత్తూరు,
20 ఫిబ్రవరి 2025.

నవీన గారికి,

అమ్మను భయపడవద్దని చెప్పమన్నావు. అమ్మ భయపడలేదు. ఏం జరిగిందో చెబుతాను.

పోస్టుమ్యాన్ ఎనిమిదిన్నరకు వచ్చాడు, హోటల్లో జనం తినే సమయానికి. రిజిస్టరు పోస్టు అనగానే అమ్మ నా ఉద్యోగం కాగితం అనుకుంది. డిసెంబరులో నేను ప్రభుత్వ ల్యాబ్ టెక్నీషియన్ ఉద్యోగానికి పరీక్ష రాశాను కదా. దోసె పిండి చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, తన పేరు మూడు అక్షరాలు నిదానంగా రాసింది. నేను నేర్పించిన అక్షరాలే. తర్వాత కవరు మునిరత్నం అన్న చేతికిచ్చి చదవమంది. గుడి దగ్గర టెంకాయలు అమ్ముతాడే, ఆయన. ఆయన ఒక ముక్క చదివి ఆగిపోయాడు. "సదువన్నా, నా బిడ్డకు ఉద్యోగం వచ్చిండాది" అనిందట అమ్మ. ఆయన చదివాడు. 'అలవాటుగా బాడుగ ఎగవేసే వ్యక్తి' అనే దాకా చదివాక ఇంక చాలన్నది. అప్పటికి ఆరుగురు తింటున్నారు.

ఇక నీ టైపు సంగతి. నోటీసు చివర ఆస్తి షెడ్యూలు అని ఉంది. గదికి నాలుగు దిక్కులా ఏమున్నాయో రాశారు. పడమరకు 'నల్లబండ, మునగచెట్టు'. తిరుపతిలో కూర్చునే మీ సీనియర్‌కు నల్లబండ ఎట్లా తెలుసు? బట్టలుతికే ఆ బండను మీ నాయన చాకిరాయి అంటాడు. మా అమ్మ కూడా అంతే. నల్లబండ అనేది మనిద్దరమే. దాని మీద కూర్చుని ఎక్కాలు చదివిన వాళ్లం మనమే.

ఆ పదకొండు నెలలు మా అమ్మ ఎక్కడుందో మాత్రం నాలుగు దిక్కుల్లో ఏ దిక్కునా రాయలేదు నువ్వు.

కోమలి


తిరుపతి,
3 మార్చి 2025.

కోమలీ,

'గారు' చదివి చాలాసేపు కూర్చున్నాను.

నోటీసు నేనే రాశాను. సీనియర్ గారు నాకు మొదటినుంచి చివరిదాకా రాయమని ఇచ్చిన మొదటి నోటీసు అది. మీ ఊరి సంగతి నీకే బాగా తెలుస్తుంది, నువ్వే రాయి అన్నారు. రాసి చూపిస్తే ఒక్క అక్షరం దిద్దలేదు. 'తెలుగులో ఇంత బాగా నోటీసు రాసేవాళ్లు తక్కువ' అని పక్క ఆఫీసు వాళ్లకు కూడా చూపించారు. ఆ రోజు నేను హాస్టల్‌కు నడిచి వెళ్లాను, బస్సు ఎక్కాలని కూడా గుర్తుకు రాలేదు. అంత సంతోషపడ్డాను. మా వంశంలో బడి మొహం చూసింది నేనే మొదలు, నీకు తెలుసు. ఒక పెద్దమనిషి నా రాతను నలుగురికి చూపించడం నాకు చాలా పెద్ద సంగతి.

'అలవాటుగా ఎగవేసే' అన్నది నా మాట కాదు. పాత ఫైళ్లలో ఉన్న మాట. అందరు కిరాయిదార్లకూ అదే రాస్తారు. అది రాసేటప్పుడు అత్త ముఖం నాకు గుర్తుకు రాలేదు. వచ్చి ఉంటే రాసేదానివా అని అడగవద్దు.

మంచాన పడిన మా రుక్మిణమ్మవ్వకు అత్త చేసింది మా ఇంట్లో ఎవరూ మరచిపోలేదు. మూడు పూటలా అన్నం పెట్టడం, స్నానం చేయించడం, దుప్పట్లు ఉతకడం, అన్నీ. కానీ చాకిరీకి బాడుగ చెల్లు అని ఒప్పందం లేకపోతే కోర్టు దాన్ని లెక్కలోకి తీసుకోదు. ఒప్పందం ఏమైనా జరిగిందేమో నాకు తెలియదు. నేను అప్పుడు హాస్టల్లో ఉన్నాను.

ఇంకొక మాట. ఇది నేను చెప్పానని ఎవరికీ తెలియకూడదు. నోటీసు గడువు ముగిసింది. ఇప్పుడు మార్చి నెల బాడుగను అత్త ఎప్పటిలాగే నాయన ఫోనుకు పంపిస్తే, నాయన దాన్ని తీసుకుని వాడుకుంటే, ఆ నోటీసును ఆయనే వదులుకున్నాడని మీ లాయరు వాదించవచ్చు. నాయనకు ఇది తెలియదు. వచ్చిన డబ్బు వచ్చినట్టు ఊరుకుంటాడు. మళ్లీ నోటీసు, మళ్లీ గడువు, మీకు కొన్ని నెలలు దొరుకుతాయి.

ఈ కాగితం చదివి చించెయ్.

నవీన


చిత్తూరు,
14 మార్చి 2025.

నవీనా,

చించలేదు.

నువ్వు చెప్పిన దారి బాగుంది. కానీ ఆ దారిలో మా అమ్మ ఇంకా ఎగవేసిన మనిషిగానే ఉంటుంది, దొరకకుండా తప్పించుకున్న మనిషిగా ఉంటుంది. మీ నాయన మోసపోతాడు. నువ్వు ఒక్కదానివే బాగుంటావు, మాకు మేలు చేశాననుకుంటూ.

నువ్వు హాస్టల్లో లేవు. అది వినాయక చవితి అయిన వారం. బ్రహ్మోత్సవాలకు నువ్వు ఊరికి వచ్చావు. అవ్వ అంతకు పది రోజుల ముందు పడిపోయింది. వెనక వాకిట్లో నువ్వు నీళ్ల బేసిను పట్టుకుని ఉన్నావు, నేను బండ మీద దుప్పటి పిండుతున్నాను. అమ్మ అవ్వకు గంజి తాగించి బయటికి వచ్చి, కొంగు ముడి విప్పి ఆ నెల బాడుగ మీ నాయనకు ఇవ్వబోయింది. మామ చేయి చాపలేదు. "మా యమ్మ ఉన్నన్నాళ్లు ఈ ఇంట్లో బాడుగ మాట ఎత్తొద్దు తాయమ్మా" అన్నాడు. నువ్వు నా వైపు చూసి నవ్వావు. నేనూ నవ్వాను.

అప్పటినుంచి అవ్వ పోయేదాకా పదకొండు నెలలు అమ్మ బాడుగ మాట ఎత్తలేదు. కర్మంతరం అయిన మరుసటి నెల నుంచి ఒక్క నెల ఆగకుండా ఇస్తోంది. నువ్వు రాసిన నోటీసులోనే ఉంది, ముందూ బాకీ లేదు, తర్వాతా లేదు.

నా తప్పు కూడా చెప్పుకోవాలి. అమ్మ అప్పుడే నన్ను అడిగింది, ఇది ఒక కాగితం మీద రాయించుకోవాలేమో అని. నేను వద్దన్నాను. వాళ్ల నవీన లాయరు చదువు చదువుతోంది, ఆ ఇంట్లో అన్యాయం జరగదు అన్నాను. అడిగితే మామ మనసు మార్చుకుంటాడేమో అని కూడా లోపల ఉంది. ఎందుకంటే ఆ మిగిలిన డబ్బుతోనే నా ల్యాబ్ కోర్సు ఫీజు కట్టాం. ఇప్పుడు నేను ఇక్కడ ప్రైవేటు ల్యాబులో తెల్లకోటు వేసుకుని పనిచేస్తున్నాను, అమ్మను నలుగురిలో ఎగవేతదారు అన్నారు.

గది పోతే ఇంకో గది చూసుకుంటుంది. ఐరాలలో మా చిన్నమ్మ పిలుస్తోంది. ఆ మాట పోవాలి. నేను చెబితే కూతురు కాబట్టి చెబుతోంది అంటారు. విన్నది ఇంకెవరు?

కోమలి


తిరుపతి,
22 ఏప్రిల్ 2025.

కోమలీ,

ఐదు వారాలు ఆలస్యం చేశాను. ఈ ఐదు వారాల్లో నీకు ఎనిమిదిసార్లు రాయడం మొదలుపెట్టాను.

నేను ఉన్నాను. బేసిను నా చేతిలోనే ఉంది. ఆ మాట విన్నాను, నవ్వాను. నోటీసు రాసేటప్పుడు కూడా గుర్తుంది. నువ్వు అనుకున్నట్టు మరచిపోయి రాయలేదు. ఫైలులో నాయన చెప్పిన వివరాలు మాత్రమే ఉన్నాయి, ఆయన ఆ మాట చెప్పలేదు, కక్షిదారు చెప్పనిది నేను కలపకూడదు కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. చదువు నాకు ఆ ఒక్క వాక్యం చాలా తొందరగా నేర్పించింది.

నీ ఉత్తరం వచ్చిన తర్వాతి ఆదివారం ఊరికి పోయాను. నాయన చింతపండు ఒలుస్తూ కూర్చుని ఉన్నాడు. అడిగాను. నువ్వు ఎత్తొద్దు అన్నావు కదా నాయనా అని. ఆయన తల ఎత్తలేదు.

"ఎత్తొద్దు అన్నా. ఇయ్యొద్దు అన్లేదే. సావు బతుకుల మజ్జెన డబ్బు మాట ఏంటికని అన్నా" అన్నాడు.

పదకొండు నెలలూ ఒక్కసారీ అడగలేదు కదా అన్నాను. అప్పుడు ఆయన ఒక సంగతి చెప్పాడు. ఆ ఏడాది బాడుగ రాకనే నా ఫీజు కోసం రెండు ఆవులను అమ్మాడట. నాకు అప్పుడు ఒకటి చచ్చిపోయింది, ఇంకొకటి పాలు తగ్గితే ఇచ్చేశాము అని చెప్పారు. "యాడనుంచి తెచ్చేది నేను? నువ్వు లాయరు కావల్ల అంటివి" అన్నాడు. కోపంగా కాదు. చింతగింజలు పక్కకు తోస్తూ అన్నాడు.

ఆ బాడుగ నీ కోర్సుకు పోయింది, ఆ ఆవులు నా కోర్సుకు పోయాయి. మా నాయనా మీ అమ్మా చెరోవైపు ఇచ్చుకుంటూ పోయారు. వాళ్లిద్దరినీ కోర్టులో ఎదురెదురుగా నిలబెట్టే కాగితం రాసింది మాత్రం నేను.

అయినా ఆయన అన్నది అన్నదే. అత్త దాన్ని ఎట్లా అర్థం చేసుకుందో నేనూ అట్లాగే అర్థం చేసుకున్నాను. ఎవరైనా అట్లాగే అర్థం చేసుకుంటారు.

సీనియర్ గారికి మొత్తం చెప్పాను. ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. సాక్షి అయినవాళ్లు ఆ కేసులో వకీలుగా ఉండకూడదు, ఇది నీకు తెలియదా అన్నారు. తెలుసు అన్నాను. ఆ ఫైలు నా బల్ల మీది నుంచి తీసేసుకున్నారు. ఆ తర్వాత నా రాతను ఎవరికీ చూపించలేదు.

దీనితో ఇంకొక కాగితం పెడుతున్నాను. అది అత్తకు. దాన్ని దాచుకోవచ్చు, లాయరుకు ఇవ్వవచ్చు. చించమని చెప్పను.

నవీన


తిరుపతి,
22 ఏప్రిల్ 2025.

శ్రీమతి తాయమ్మ గారికి,

కాణిపాకం నివాసి సుబ్రమణ్యం కుమార్తె నవీన అనే నేను నా ఇష్టపూర్వకంగా రాసి ఇస్తున్నది.

2022 సెప్టెంబరు మొదటి వారంలో ఒక ఉదయం మా ఇంటి వెనక వాకిట్లో, మీరు ఆ నెల బాడుగ ఇవ్వబోగా, మా నాయన సుబ్రమణ్యం మీతో "మా యమ్మ ఉన్నన్నాళ్లు ఈ ఇంట్లో బాడుగ మాట ఎత్తొద్దు తాయమ్మా" అని చెప్పగా నేను నా చెవులతో విన్నాను. ఆ రోజు నుంచి మా అవ్వ రుక్మిణమ్మ మరణించే వరకు పదకొండు నెలలు మీరు ఆమెకు అన్ని సేవలు చేశారు. ఆ కాలంలో మా ఇంట్లో ఎవరూ మిమ్మల్ని బాడుగ అడగలేదు.

మీకు పంపిన నోటీసును రాసింది నేను. పై సంగతి తెలిసి ఉండి కూడా అందులో రాయలేదు. 'అలవాటుగా బాడుగ ఎగవేసే వ్యక్తి' అని మిమ్మల్ని రాసింది అబద్ధం. కోర్టు పిలిస్తే ఇదే చెబుతాను.

ఇట్లు,
ఎస్. నవీన, న్యాయవాది


చిత్తూరు,
9 మే 2025.

నవీనా,

నీ కాగితం అమ్మకు చదివి వినిపించాను. రెండుసార్లు చదవమంది. 'అబద్ధం' అన్నచోట ఆపి, "ఆ పిల్ల సంతకం పెట్టిండాదా?" అని అడిగింది. పెట్టింది అన్నాను. వేలితో తడిమి చూసింది. నా ట్రంకు పెట్టెలో పెట్టెయ్, ఎవరికీ ఇవ్వవద్దు అంది.

ఎందుకమ్మా అంటే, "కన్న నాయనకు ఎదురుగా ఆ బిడ్డ ఎట్లా నిలబడుతుందే? నాకు తెలిసింది సాలు" అంది.

తొమ్మిది రోజులు పెట్టెలోనే ఉంది. పదో రోజు అమ్మకు చెప్పకుండా తీసి, ఇక్కడి మా లాయరుకు ఇచ్చాను. ఆమె పేరు జాహ్నవి. జవాబు నోటీసుతో నకలు జతచేసి మీ ఆఫీసుకు పంపిస్తున్నారు.

అమ్మకు తెలిసినది ఆమెకు చాలు. నాకు చాలదు. అమ్మ అంత మంచిదాన్ని కాను నేను. నీ గురించి ఆలోచించే ఇచ్చాను, ఆలోచించకుండా కాదు. అది మీ ఆఫీసుకు చేరేలోపు నీకు నా నోటి నుంచే తెలియాలని రాస్తున్నాను.

నీ నంబరు తీసేశాను ఆపేసిన నంబర్ల జాబితాలోంచి. కానీ ఇప్పుడే ఫోను చేయవద్దు.

కోమలి


తిరుపతి,
16 జూన్ 2025.

కోమలీ,

నువ్వు ముందుగా రాసి మంచి పని చేశావు. ఆఫీసులో టపా విప్పేది నేనే. కవరులో నా చేతిరాత నకలు, పైన 'జతపత్రం 1' అని ముద్ర. రిజిస్టరులో ఎక్కించి సీనియర్ గారి బల్ల మీద పెట్టాను.

ఆయన నాయనను పిలిపించారు. సోమవారం వచ్చాడు, సంచిలో సీనియర్ గారికి మామిడికాయలు పెట్టుకుని. జవాబు వచ్చిందని, అందులో ఏముందో తాను చదివి చెబుతానని సీనియర్ గారు అన్నారు. నన్ను బయట కూర్చోమన్నారు. నాయన ఒప్పుకోలేదు. "వద్దు సార్. నా బిడ్డ సదివితేనే నాకు అర్థమయ్యేది" అన్నాడు. నాయనకు అక్షరాలు రావు కదా. ఒకటో తరగతి నుంచి మా ఇంటికి వచ్చిన ప్రతి కాగితం నేనే చదివాను. రేషను కార్డు, పట్టా పుస్తకం, అవ్వ ఆసుపత్రి చీటీలు, అన్నీ.

సీనియర్ గారు నా వైపు చూశారు. కాగితాలు నాకిచ్చి, తలుపు దగ్గరగా వేసి బయటికి వెళ్లిపోయారు.

ముందు జవాబు చదివాను. తర్వాత రెండో కాగితం. గదిలో మేమిద్దరమే. కోమలీ, నీకు ఒక్కదానికే చెబుతున్నాను. కింద ఉన్న పేరు వదిలేసి చదవవచ్చని నాకు అనిపించింది. ఎవరో విన్నారట అని చదివితే ఆయనకు తెలియదు. నా జీవితంలో మొదటిసారి, మా నాయనకు చదువు రాదన్నది నాకు ఒక వసతిగా కనిపించింది. అట్లా కనిపించినందుకే అక్షరం వదలకుండా చదివాను. 'సుబ్రమణ్యం కుమార్తె నవీన అనే నేను' నుంచి సంతకం దాకా.

నాయన నా చేతిలోని కాగితం వైపు వేలు చూపించాడు. తర్వాత "నేను అన్న ముక్క ఇంగోసారి సదువు" అన్నాడు.

చదివాను.

"ఇట్లే అంటినా?"

"ఇట్లే అన్నావు నాయనా."

"తాయమ్మ ఏడ్సింది ఆ పొద్దు" అన్నాడు.

ఆ సంగతి నేను రాయలేదు. నేను చూడను కూడా లేదు, నీ వైపు చూసి నవ్వుతున్నాను కదా. ఆయన చూశాడు. ఇన్నాళ్లూ ఆయనకు గుర్తుంది.

సీనియర్ గారు లోపలికి వచ్చాక, బాకీ లేదని, దావా వద్దని చెప్పాడు. నోటీసు ఉపసంహరించుకుంటున్నట్టు, అత్త ఏ బాకీ పడలేదని ఆఫీసు నుంచి కాగితం బయలుదేరింది. అది నేను రాయలేదు. గది మాత్రం బ్రహ్మోత్సవాలు అయ్యాక కావాలన్నాడు. అది ఆయన హక్కు. అందులో నేను చెప్పగలిగింది ఏమీ లేదు. అత్తకు నేను చేసిన దానిలో సగమే సరిదిద్దగలిగాను.

బస్టాండు దాకా వెంట పోయాను. టీ తాగుదాం నాయనా అంటే, వద్దు బస్సు పోతుంది అన్నాడు. బస్సు ఇంకా రానే లేదు. ఇద్దరం నిలబడి ఉన్నాం. "నిన్ను సదివించింది తప్పు అన్లేదు నేను" అన్నాడు కొంతసేపటికి. నేను అడగలేదు ఆ మాట.

నిన్న పంచాయతీ నుంచి ఇంటి పన్ను కాగితం వచ్చిందట. ఎప్పుడూ అట్లాంటిది వస్తే ఫోటో తీయించి నాకు పంపేవాడు, నేను ఫోనులో చదివి వినిపించేదాన్ని. నిన్న పంపలేదు. మీసేవలో లోకేష్ దగ్గరకు తీసుకుపోయి చదివించుకున్నాడట. అమ్మ చెప్పింది. నేను ఫోను చేసి, నాకు పంపొచ్చు కదా నాయనా అన్నాను. నీకు పని ఉంటుందిలే అన్నాడు.

నాకు పని లేదు కోమలీ. నిన్నంతా ఖాళీగానే ఉన్నాను.

నవీన